కింది నుంచి రెండో బద్ద

హాలు కిటికీ లోపలి తలుపు వానలకు ఉబ్బి సరిగ్గా మూసుకోవడం లేదని, దాన్ని చేసిన వడ్రంగి మేస్త్రీకి ఫోన్ చేశాను. రెండేళ్లుగా ఎప్పుడు చేసినా "వస్తనమ్మా" అనేవాడు, వచ్చేవాడు కాదు. ఈసారి ఫోన్ ఎత్తింది ఆయన కూతురు.

"నాయిన పోయిండమ్మా. తొమ్మిది దినాలైతాంది."

ఏమైందని అడిగాను.

"దగ్గే. చెక్కపొట్టు ఛాతీల నిండిపోయిందన్నరు డాక్టర్లు. ఎల్లుండి పదకొండో దినం. మీరు ఎవరమ్మా?"

ఆయనతో కిటికీ తలుపులు చేయించుకున్నామని చెప్పాను. ఆయన ఈ చుట్టుపక్కల చేసినవన్నీ కిటికీ తలుపులే కాబట్టి ఆ అమ్మాయికి అది ఏమీ చెప్పినట్టు కాదు.

మేం గోదావరి వైపు నుంచి వచ్చి, మేడ్చల్‌కూ షామీర్‌పేటకూ మధ్య కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కొనుక్కున్న ఏడాది ఆయన్ని మొదటిసారి చూశాను. మావారు దుండిగల్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారు. నేను ఇంట్లోనే కూర్చుని బడి పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. ఆ పనికి పగటి వెలుగు కావాలి. హాలు కిటికీ పక్కన బల్ల వేసుకుంటే వెలుగు బాగానే ఉండేది గాని, ఎదురింటి పై అంతస్తు నేరుగా నా నెత్తిమీదికి చూస్తున్నట్టుండేది. కర్టెన్ వేస్తే అక్షరాలు కనబడవు, తీస్తే వీధిలో కూర్చున్నట్టే. కిటికీకి లోపలివైపు సన్నటి చెక్క బద్దలు పేర్చిన తలుపులు పెట్టించుకోమని ఎవరో చెప్పారు. ఆయన నంబరు ఇచ్చారు.

వచ్చాడు. పొడుగ్గా, కొంచెం వంగిన మనిషి. ఎప్పుడూ ఒక చెక్క అంచు వంకర ఉందో లేదో చూస్తున్నట్టు ఎడమ కన్ను సగం మూసి ఉంచేవాడు. మనుషుల్నీ అలాగే చూసేవాడు. జేబులోంచి టేపు తీస్తాడనుకున్నాను. తియ్యలేదు.

"మీరు ఏడ కూసుంటరు?" అన్నాడు.

చూపించాను.

"కూసోండ్రి. రోజు ఎట్ల కూసుంటరో గట్లనే కూసోండ్రి."

అని బయటికి వెళ్లిపోయాడు. ఏం మనిషి ఈయన అనుకుంటూ కాగితాలు ముందేసుకున్నాను. రెండు నిమిషాలకు నా ఫోన్ మోగింది.

"అమ్మా, ఎడమచెయ్యి చెంపకు పెట్టుకున్నరు. ముంగట ఎర్రకలం ఉంది. చాయ కప్పు మీద మూత లేదు. ఇప్పుడు ఇటుదిక్కు చూస్తుండ్రు."

కలం వదిలేసి లేచి నిలబడ్డాను. ఎదురింట్లో అప్పటికి ఎవరూ దిగలేదు, టులెట్ బోర్డు వేలాడుతుండేది. ఆ ఇంటి బయటి మెట్ల మీద, రెండు అరచేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు.

లోపలికి వచ్చి, నా మొహం చూసి, "భయపడ్డరా?" అన్నాడు. నవ్వలేదు. "నేను చూసిన. చూసిన అని చెప్పిన. చెప్పకుంట చూసెటోడు ఉంటడు. వాని కోసం చేసుకోవాలె తలుపులు."

ఆ తర్వాతే టేపు తీశాడు. ఒక్కో కిటికీని పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, కింద ఒకసారి కొలిచాడు. "ఈ బిల్డర్లు కట్టిన కిటికీ ఒక్కటన్న సక్కగుండదు," అని గొణుక్కున్నాడు. అన్ని కిటికీలకూ నిండుగా తలుపులు పెట్టేయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. వంటింటికి సగం వరకు చాలన్నాడు. రోడ్డు మీద నడిచేవాడి చూపు అంతకంటే ఎత్తు రాదు, పై సగం తెరిచి ఉంచితే పొయ్యి మీద వెలుగు పడుతుంది. స్నానాల గదికి ప్లాస్టిక్‌వి కొనుక్కోమన్నాడు, చెక్క ఉబ్బుతుందని. హాలు కిటికీ దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు.

"గా పైకెల్లి చూపు కిందికి దిగుతది. బద్దల లోపలి అంచు పైకి లేపి ఉంచుండ్రి. పైనోనికి చెక్కనే కనబడ్తది. నేల మీది ఎలుగు మాత్రం ఎక్కి మీ ఇంటి కప్పుకు తగుల్తది. మీకు సదువుకోనీకి గంతే సాలు."

ఆయన ప్రతి కిటికీ ముందూ రెండే మాటలు అనేవాడు: "ఎవరు? ఏడికెల్లి?" వాటికి జవాబు దొరికేదాకా చెక్క ముట్టేవాడు కాదు. పని చేసిన వారం రోజుల్లో ఆయన ఏ కిటికీకీ వీపు పెట్టి కూర్చోవడం నేను చూడలేదు. భోజనం కూడా గోడకు ఆనుకుని, కిటికీ వైపు మొహం పెట్టే తినేవాడు. పనిలోకి వచ్చేటప్పుడు కాలింగ్ బెల్ కొట్టడు. తను తలుపు బిగించిన కిటికీ అద్దం మీద బయటి నుంచి వేలితో రెండుసార్లు తట్టి, ఆగి, నేను లేచి వచ్చేదాకా మొహం తిప్పుకుని నిలబడేవాడు. మా వీధిలో వాళ్లు ఆయన్ని చూసి నవ్వుకునేవారు. "ఆయన తలుపులు చేస్తాడా, ఆరా తీస్తాడా?" అని ఒకావిడ నాతోనే అంది. నేనూ నవ్వాను.

తలుపులు మాత్రం అద్భుతంగా కుదిరాయి. బద్దలన్నిటినీ కలుపుతూ నిలువుగా ఉన్న పుల్లను మునివేళ్లతో పైకి నెడితే బద్దలన్నీ ఒక్కసారిగా తిరిగేవి. కాగితం మీద మెత్తటి వెలుగు పడేది. నన్నెవరూ చూడటం లేదన్న నిశ్చింత నాకు అలవాటైపోయింది.

ఎదురింటి పై అంతస్తులోకి ఒక జంట దిగింది. అతనికి ముప్పై ఐదేళ్లుంటాయి. ఎప్పుడు కనిపించినా "బాగున్నరా అక్కా" అని పలకరించేవాడు. ఆ అమ్మాయిని నేను ఒక్కసారే చూశాను, కూరగాయల సంచి పట్టుకుని అతని వెనకాల మెట్లెక్కుతుంటే. ఒకరోజు అతను మా గేటు దగ్గర ఆగి, "మీ కిటికీ తలుపులు మస్తున్నయ్ అక్కా, ఎవరు చేసిండ్రు?" అని అడిగాడు. సంతోషంగా నంబరు ఇచ్చాను.

నాలుగు రోజుల తర్వాత పొద్దున మేస్త్రీ మా కిటికీ అద్దం మీద తట్టాడు. లోపలికి రమ్మంటే వచ్చాడు గాని కూర్చోలేదు.

"అమ్మా, ఎదురింటామెను మీరు చూసిండ్రా?"

"ఒకసారి చూశానండీ. ఏం?"

"ఆమె పెనిమిటికి పడకగది కిటికీకి తలుపులు కావాల్నంట. బద్దలు తిరగొద్దంట, మూసినట్టే బిగియ్యాల్నంట. తలుపులకు తాళం. తాళంచెవి ఆయన దగ్గర్నే ఉంటదంట." ఊపిరి తీసుకున్నాడు. "గది తలుపుకు బయటి దిక్కు కొత్త గడియ ఉంది. ఎందుకయ్యా అంటే, ఆమెకు ఎండ పడదు, తలనొప్పి అన్నడు."

"కొంతమందికి నిజంగానే పడదు కదండీ."

ఆయన సగం మూసిన కన్నుతో నన్ను చూశాడు. అప్పుడు చెప్పాడు. షామీర్‌పేట అవతల ఒక ఫామ్‌హౌస్‌లో, ఏడెనిమిదేళ్ల కిందట, ఇలాంటి తలుపులే చేయించుకున్నారట. అక్కడా ఇదే మాట, ఆమెకు ఎండ పడదని. ఆయన కొలత తప్పకుండా చేసి, బిగిస్తుంటే, ఆ గదిలో మంచం అంచున కూర్చున్న ఆమె, ఇంటివాళ్లు అటు తిరిగిన క్షణంలో ఒక్క మాట అందట.

"'అన్నా, ఒక్క బద్ద ఒదులుగ పెట్టు' అన్నది. గంతే. నేను పనోడినమ్మా. పని సక్కగ చెయ్యాల్నని చూసిన. ఒదులు పెడితే నా పేరు ఖరాబైతదనుకున్న. గట్టిగ బిగిచ్చిన." గొంతు సవరించుకున్నాడు. "మూడు నెలలకు గా తొవ్వల పోతుంటే ఇంటి ముంగట జనం. ఆమెను బయటకు తెస్తుండ్రు. నడిపిచ్చుకుంట కాదు."

చేయనని చెప్పేయండి అన్నాను.

"నేను చెయ్యకుంటె ఇంకోడు చేస్తడు. వాడు గట్టిగ బిగిస్తడు. నేనే చేస్త. కింది నుంచి రెండో బద్ద పుల్లకు తగిలియ్య. ఏలితో నూకితే తిరుగుతది. కొలతలప్పుడు ఆయన పక్కకు పోతె ఆమెకు మెల్లగ చెప్పిన. పోలీసుల దగ్గరికి పోదాం బిడ్డా అంటే, ఇప్పుడే వద్దన్నా, నేను తిప్పినప్పుడు రా అన్నది. మస్తు భయపడుతాంది." కిటికీ దగ్గరికి వెళ్లి నా తలుపుల బద్దలు పూర్తిగా తెరిచాడు. ఎదురింటి కిటికీ కనబడింది. "తిప్పితే మీకే కనబడ్తది. నేను రోజు ఈడ ఉండను, బౌరంపేటల పని నడుస్తాంది. మీరు చూడాలె. చూస్తే పోవాలె, లేకుంటె నాకన్న ఫోన్ చెయ్యాలె. చేస్తరా?"

"చూస్తానండీ," అన్నాను.

ఆయన ఇంకో మాట కోసం కాసేపు నిలబడ్డాడు. నేను అనలేదు.

ఎదురింటికి తెల్లరంగు తలుపులు వచ్చాయి. వాటిని చూడాలంటే నా బద్దలు తెరిచి ఉంచాలి. తెరిస్తే బాల్కనీలో నిలబడ్డ అతనికి నేను కనబడతాను. మొదటి రోజుల్లో తెరిచే ఉంచాను. అతను బాల్కనీలోకి వచ్చి, రెయిలింగ్ మీద చేతులు వేసుకుని, నా కిటికీ వైపు తీరిగ్గా చూసేవాడు. ఒకసారి చెయ్యి ఊపాడు. మర్నాడు గేటు దగ్గర, "ఈ నడుమ కిటికీ తెరిచే పెడ్తుండ్రు అక్కా, వేడి లేదా?" అన్నాడు. అదే నవ్వు. ఆ సాయంత్రం మావారికి చెబితే, "కొత్తగా వచ్చాం, వాళ్లింటి గొడవ మనకెందుకు?" అన్నారు. నాకు కావలసిన మాట అదేనేమో. రోజూ పదకొండింటికి మేస్త్రీ ఫోన్ చేసేవాడు. "ఏమన్న ఉందా అమ్మా?" "ఏం లేదండీ." అంతే మాట.

ఒక సోమవారం పొద్దున, ఎనిమిదిన్నరకు అనుకుంటాను, టీ కప్పుతో బల్ల దగ్గరికి వచ్చి తలెత్తాను. తెల్లటి తలుపులో కింద ఒక నల్లటి గీత.

కప్పు బల్ల మీద పెట్టాను. గీత అలాగే ఉంది. చెక్క జారి ఉంటుందనుకున్నాను. తగిలించని బద్ద, దానంతటదే తిరిగి ఉండవచ్చు. అతని కారు లేదు. మెట్ల పైన గ్రిల్‌కు తాళం వేసి ఉంది. అతను లేడు కాబట్టి ఇప్పుడు ప్రమాదం లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎక్కి వెళ్లి నేను ఏం చేస్తాను? అతను తిరిగి వస్తే ఎవరు చెప్పారని అడగడా? రోజూ ఈ వీధిలోనే బతకాలి కదా. చాలాసేపు అలా నిలబడి, చెయ్యెత్తి, పుల్లను పైకి నెట్టాను. బద్దలన్నీ ఒక్కసారిగా తిరిగి మూసుకున్నాయి.

పదకొండింటికి ఫోన్ మోగింది.

"ఏమన్న ఉందా అమ్మా?"

"ఏం లేదండీ."

ఆ రోజంతా ఒక్క పేజీ కూడా దిద్దలేదు. బద్దలు తెరవలేదు. మర్నాడు పదకొండింటికి మళ్లీ ఫోన్.

"ఏమన్న ఉందా అమ్మా?"

"ఏం లేదండీ," అన్నాను.

లారీ ఒకటి వెళ్లిన చప్పుడు ఫోన్‌లో వినబడింది. అదే చప్పుడు మా వీధిలోనూ వినబడింది.

"అమ్మా, నేను మీ ఇంటి ముంగట రోడ్డు మీదికెల్లే మాట్లాడుతున్న," అన్నాడు. "బద్ద తిరిగుంది. మీ తలుపు మూసుంది."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చాను. ఆయన అప్పటికే సంచి భుజాన వేసుకుని మెట్లెక్కుతున్నాడు. గ్రిల్ తాళాన్ని ముట్టలేదు. తాళం వేలాడే గొళ్లెం స్క్రూలు ఊడదీశాడు. తర్వాత ఇంటి తలుపు బందులు. ఉలి ఎక్కడ పెట్టాలో ఆ చేతులకు తెలుసు. నేను వెనకాల నిలబడి పోలీసుల వంద నంబరుకు ఫోన్ చేశాను. పడకగది గడియను ఆయన మామూలుగా, ఎవరింటికో చుట్టంగా వెళ్లినవాడిలా, చేత్తో తీశాడు.

వేడి గాలి మొహాన కొట్టింది. కిటికీ అద్దాలు జరగకుండా స్క్రూలు బిగించి ఉన్నాయి. ఆ అమ్మాయి కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన ఖాళీ నీళ్ల సీసా పడి ఉంది. మణికట్టు వాచి నల్లబడింది. కుడిచేతి రెండు వేళ్లు ఇంకా ఆ బద్ద సందులోనే ఉన్నాయి, తీస్తే మూసుకుపోతుందేమో అన్నట్టు.

ఆయన తన నీళ్ల సీసా మూత తీసి నోటికి పట్టాడు. రెండు గుక్కలు తాగి, ఆ అమ్మాయి మెల్లగా అంది:

"నిన్న పొద్దుగాల తిప్పిన అన్నా."

గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. ఆయన నా వైపు చూస్తాడని ఎదురుచూశాను. చూడలేదు. "మెల్లగ తాగు బిడ్డా," అన్నాడు.

పోలీసులు వచ్చారు. ఆమె తమ్ముడు సిద్దిపేట వైపు నుంచి మధ్యాహ్నానికి చేరుకున్నాడు. ఊరు వెళ్లిన ఆమె భర్త సాయంత్రానికి దొరికాడు. తన ఇంట్లో దొంగతనానికి చొరబడ్డారని మేస్త్రీ మీద కేసు పెట్టమని స్టేషన్‌లో అరిచాడు. అందుకే నా వాంగ్మూలం అవసరమైంది. ఎప్పుడు చూశారమ్మా అని అడిగారు. నేను చెప్పింది రాసుకున్నారు: "ఈ రోజు ఉదయం పదకొండు గంటలకు ఎదురింటి కిటికీ బద్ద తిరిగి ఉండటం గమనించి, వెంటనే వడ్రంగి మేస్త్రీని పిలిచి, నూరు నంబరుకు ఫోన్ చేశాను."

సాక్షిగా ఆయన్నీ సంతకం పెట్టమన్నారు. ఆయన కాగితం తీసుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం మీద ఆగుతూ చదివాడు. "ఈ రోజు ఉదయం" దగ్గర వేలు ఆగింది. ప్రూఫులు దిద్దేదాన్ని నేను, తప్పు దగ్గర ఆగిన వేలు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయన కలం తీసుకుని సంతకం పెట్టాడు. దొంగతనం కేసు నిలబడలేదు. ఆ భర్త మాత్రం జైలుకు వెళ్లాడు. ఆ అమ్మాయి తమ్ముడితో వెళ్లిపోయింది.

కాలనీ సంఘం వాళ్లు మీటింగు పెట్టి, అనుమతి లేకుండా ఇళ్ల తలుపులు ఊడదీసే మనిషిని గేటులోకి రానివ్వద్దని తీర్మానం చేశారు. నేను లేచి ఆయన తరఫున మాట్లాడాను. మాట్లాడానని ఆయనకు ఫోన్ చేసి కూడా చెప్పాను. "మంచిదమ్మా," అన్నాడు. తర్వాత గేటు దగ్గర ఆ నిషేధాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మిగతా ఇళ్లకు ఆయన వస్తూనే ఉన్నాడు. మా ఇంటికే రాలేదు. పని చెబితే "వస్తనమ్మా" అనేవాడు. ఒకసారి వీధిలో ఎదురుపడితే, నేను ఆపి, ఆ రోజు గురించి మాట్లాడాలి అన్నాను. "మాట్లాడుండ్రి," అని మోపెడ్ దిగి, స్టాండు వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు తొందర లేదు. అంత ఓపికగా ఒక మనిషి నా మాట కోసం నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. నేను వంటింటి కిటికీ గడియ వదులైంది అన్నాను. ఆయన తలూపి మోపెడ్ ఎక్కాడు.

పదకొండో రోజున వాళ్ల ఊరు వెళ్లాను. షామీర్‌పేట చెరువు దాటి లోపలికి, చిన్న ఇల్లు. ముందు షామియానా వేశారు. కూతురు నన్ను గుర్తుపట్టలేదు, చెప్పాక చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆడవాళ్లు చాప మీద కూర్చున్నారు. గోడ పక్కన ఎదురింటి అమ్మాయి ఉంది. ఒళ్లు చేసింది, మొహంలో రంగు వచ్చింది. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది.

ఎదురుగా దండ వేసిన ఆయన ఫొటో ఉంది. ఫొటోలో కూడా ఎడమ కన్ను సగం మూసే ఉంది. నాకు ఇక ఎవరి దగ్గరా చెప్పుకునే చోటు లేదనిపించింది.

"నేను నీకో సంగతి చెప్పాలి అమ్మా," అన్నాను. "ఆ బద్ద నువ్వు తిప్పిన మొదటి రోజే నేను చూశాను. చూసి ఊరుకున్నాను."

ఆమె తల తిప్పలేదు.

"నాకు ఎరికే అక్కా. గా సందులకెల్లి మీ ఇల్లే కనబడ్తుండె. మీరు లేచి నిలబడ్డది చూసిన. ఇగ వస్తరనుకున్న. మీరు మీ తలుపులు మూసుకున్నరు."

వడ్డించేవాళ్లు వచ్చి మా ముందు విస్తళ్లు వేశారు. ఆమె నీళ్లు చల్లి తుడుచుకుంది. నేను కదలలేకపోయాను. నా విస్తరి మీద కూడా తనే నీళ్లు చల్లింది.

"స్టేషన్ల సంతకం పెట్టినంక అన్నకు గూడ చెప్పిన," అంది. "'గా ముచ్చట నువ్వు ఎత్తకు బిడ్డా, ఆమెనే వచ్చి చెప్తది' అన్నడు. పోయే ముంగట దవఖానల చూడనీకి పోతే, 'చెప్పిందా?' అని అడిగిండు."